పిల్లి లిట్టర్ ఏది కొనాలి: నల్లగొండ, పాలమూరు ఇండ్ల లెక్కన

పిల్లి ఉన్న ఇంట్లో గలీజు అయిందంటే తిట్లన్నీ పిల్లికే పడతాయి. పరుపు మీద పోసింది, చెప్పుల్లో పోసింది, బియ్యం సంచి వెనక పోసింది అంటారు. పిల్లి మాత్రం పుట్టుకతోనే మట్టిలో గుంత తీసి, పోసి, కప్పెట్టే జీవం. కాళ్లకు నచ్చిన మట్టి, తిరగడానికి చాలినంత డబ్బా దొరికితే వేరే చోటు వెతుక్కునే పిల్లులు చాలా తక్కువ. అందుకే ఇక్కడ పిల్లిని పక్కనబెట్టి, దాని కింద మనం పోసే సరుకును (దీన్నే లిట్టర్ అంటారు), అది పోసే డబ్బాను, వాసన పోగొట్టే మందును ఒక్కొక్కటిగా చూద్దాం.

దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరికే లిట్టర్ ముఖ్యంగా నాలుగు రకాలు: బెంటోనైట్ అనే మట్టి, సోయా పిప్పితో చేసే టోఫు, సిలికా గింజలు, చెక్క గుళికలు. వీటి పక్కనే మన దగ్గర చవగ్గానో ఊరికేనో దొరికే వాగు ఇసుక, రంపపు పొట్టు, వరి ఊక, పల్లీ పొట్టు ఉన్నాయి. కంపెనీల పేర్లు చెప్పడం లేదు. ఒకే కంపెనీ సంచి ఒకసారి శుభ్రంగా, ఇంకోసారి దుమ్ముగా రావచ్చు. సంచి మీది పేరు కన్నా లోపలి రవ్వను చూసి కొనడం నేర్చుకుంటే ఎక్కడైనా పనికొస్తుంది.

ముందే తేల్చి చెబుతాం: పెద్ద పిల్లికి, ఏడాది పొడవునా, వాసన కలపని సన్న రవ్వ బెంటోనైట్‌ను మించింది లేదు. అది తడి తగలగానే ఉబ్బి, మూత్రాన్ని ఉండగా కట్టేస్తుంది. ఆ ఉండను తీసేస్తే మిగిలిన ఇసుక పొడిగా ఉంటుంది. ఈ గుణం సోడియం బెంటోనైట్ అనే మట్టిది. మన దేశంలో ఈ మట్టి ఎక్కువగా గుజరాత్‌లోని కచ్ ప్రాంతం నుంచి వస్తుంది. పిల్లులకు మట్టి గుళికలు వాడటం 1947లో అమెరికాలో ఎడ్ లోవ్ అనే వ్యాపారితో మొదలైంది. అప్పటిది పీల్చుకునే మట్టే గానీ ఉండ కట్టేది కాదు, ఉండ కట్టే రకం చాలా ఏండ్ల తర్వాత వచ్చింది. ఇప్పటికీ చవక సంచుల్లో ఆ పాత రకం కనిపిస్తుంది. సంచి మీద ఉండ కడుతుందని రాసి లేకపోతే అది పీల్చుకునే రకమే అనుకోండి.

ఉండ కట్టడం శుభ్రతకే కాదు, పిల్లి ఒంటి సంగతి తెలుసుకోవడానికీ పనికొస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు మూత్రం పోస్తుంది, ఉండలూ అన్నే దొరుకుతాయి. చిన్నచిన్న గోళీల్లాంటి ఉండలు చాలా కనిపిస్తే మూత్రసంచిలో వాపు ఉందేమో అనుకోవాలి. ఉండలు అరచేయంత పెద్దవిగా, రోజురోజుకూ పెరుగుతూ వస్తే షుగరో, కిడ్నీ జబ్బో ఉండొచ్చు. మగ పిల్లి డబ్బాలో కూర్చొని ముక్కుతూ ఒక్క ఉండ కూడా పెట్టకపోతే మూత్రం దారి మూసుకుపోయినట్టే. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది కాబట్టి రేపు చూద్దాం అనకూడదు, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. దగ్గర్లో చేయగలవాళ్లు లేకపోతే రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు వంద కిలోమీటర్లే. మన పారాసిటమాల్ గోలీ మాత్రం వేయొద్దు, ఒక్క గోలీతో పిల్లి చచ్చిపోగలదు. ఊకలో, వాగు ఇసుకలో పోసింది ఎన్నిసార్లో, ఎంతో ఎవరికీ తెలియదు. బెంటోనైట్‌కు మేం ముందు పీట వేయడానికి పెద్ద కారణం ఇదే.

కొనేముందు చిన్న సంచి తెచ్చి మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది దుమ్ము. నల్ల గుడ్డ పరిచి, అడుగు ఎత్తు నుంచి దోసెడు పోయాలి. తెల్లటి పొగలా లేచి గుడ్డంతా బూడిద పట్టినట్టు అయితే ఆ సరుకు వద్దు. ఆ దుమ్ము పిల్లి ముక్కులోకి, మీ వంటింటి గిన్నెల మీదికి పోతుంది. రెండోది రవ్వ. ఉప్మా రవ్వంత సన్నగా ఉంటే పిల్లి పాదాలకు హాయి, దొడ్డు గుళికలైతే మూత్రం సందుల్లోంచి అడుక్కి జారుతుంది. మూడోది ఉండ. గిన్నెలో రెండంగుళాలు పోసి, ఒకే చోట నాలుగు చెంచాల నీళ్లు వదిలి, పదిహేను నిమిషాలు ఆగి గరిటెతో లేపాలి. విరగకుండా ఒకే ముద్దగా వస్తే మంచిది. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. మన బోరు నీళ్లు కఠిన జలం. అందులోని కాల్షియం బెంటోనైట్ ఉబ్బడాన్ని తగ్గిస్తుంది, మంచి సరుకు కూడా మెత్తబడినట్టు కనిపించొచ్చు. ఫిల్టర్ నీళ్లే తీసుకుని, అందులో రెండు చిటికెల ఉప్పు కలపండి. పిల్లి మూత్రం ఉప్పగా, చిక్కగా ఉంటుంది, ఆ ఉప్పులోనూ ఉండ కట్టగలిగిన మట్టే డబ్బాలో పనిచేస్తుంది.

వాసన కలిపినవి వద్దు. లావెండర్, నిమ్మ, కాఫీ అంటూ దుకాణాల్లో ఇవే ఎక్కువ కనిపిస్తాయి. ఆ వాసన మన ముక్కు కోసం పెట్టింది. పిల్లి ముక్కు మనకన్నా చాలా చురుకైంది, నిమ్మజాతి వాసనంటే చాలా పిల్లులకు అసలే పడదు. డబ్బా పక్కనే నేల మీద పోసే పిల్లి ఉంటే మొదట మార్చాల్సింది ఈ సువాసన సంచినే.

ఇక బెంటోనైట్ మీద వచ్చే ఫిర్యాదు చాలా మటుకు ఒకటే: ఉండ అడుక్కి అతుక్కుపోతుంది, గీకితే బురద అవుతుంది. సరుకు చెడ్డదని సంచి మారుస్తారు, మళ్లీ అదే కథ. లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. బెంటోనైట్ కిలో అంటే సుమారు లీటరు. 65 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న టబ్బులో 5 కిలోల సంచి మొత్తం పోస్తే మందం రెండు సెంటీమీటర్లు కూడా రాదు. పిల్లి రెండుసార్లు గీకితే ప్లాస్టిక్ తేలుతుంది, మూత్రం నేరుగా అడుగున చేరి, మట్టితో కలిసి సిమెంటులా పట్టుకుంటుంది. కనీసం ఐదారు సెంటీమీటర్ల మందం ఉంటే ఉండ మధ్యలోనే ఆగిపోతుంది. అంటే ఆ టబ్బుకు మొదటిసారి పోయడానికే 15 కిలోలు కావాలి. బెదిరిపోకండి, ఆ ఖర్చు ఒక్కసారే. తర్వాత ఉండలతో పోయినంతే మళ్లీ పోస్తూ ఉంటే సరిపోతుంది. ఒక్క పిల్లికి నెలకు 5 నుంచి 8 కిలోలు పడుతుంది. 5 కిలోలే పోసి, నెలకోసారి మొత్తం పారబోసే ఇంట్లోనే ఖర్చూ ఎక్కువే, వాసనా ఎక్కువే.

ఉండ తీసే పద్ధతి కూడా ముఖ్యం. మూత్రం పోసిన వెంటనే కదిలిస్తే విరుగుతుంది, అరగంట ఆగితే గట్టిపడుతుంది. స్కూపును, అంటే చిల్లుల గరిటెను, పక్క నుంచి కిందికి దించి, ఉండ అడుగు నుంచి లేపి, నెమ్మదిగా జల్లించాలి. పైనుంచి పొడిస్తే ముక్కలు రాలి, ఆ ముక్కలే రెండు రోజులకు వాసన కొడతాయి. స్కూపు రంధ్రాలు సన్నగా ఉన్నది తీసుకోండి, ప్లాస్టిక్ దాని కన్నా స్టీలుది చాలా కాలం వస్తుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తీయాలి. వాసనే కాకుండా ఇంకో కారణం కూడా ఉంది. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే క్రిమి గుడ్లు ఉంటే, అవి ఇంకొకరికి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ తీసేస్తే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆ పని ఇంకొకరికి అప్పజెప్పాలి. తప్పనిసరైతే గ్లవ్స్ వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఒక సందేహం తరచుగా వస్తుంది: ఎర్తింగ్ గుంతల్లో పోయడానికి అమ్మే బెంటోనైట్ పొడి చవగ్గా దొరుకుతుంది కదా, అదే పోస్తే పోదా? పోయొద్దు. అది మైదా లాంటి పొడి. పిల్లి గీకినప్పుడల్లా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పాదాలకు తడి తగిలితే వేళ్ల మధ్య గారలా పట్టుకుంటుంది.

నాలుగు నెలల లోపు పిల్లకూనలకు మాత్రం బెంటోనైట్ పెట్టకండి. కూనలు కొత్త దేన్నైనా నోట్లో పెట్టుకుంటాయి, కడుపులోకి పోయాక ఉబ్బే మట్టి పేగులకు అడ్డం పడొచ్చు. వాటికి చెక్క గుళికలో, కడిగి ఎండబెట్టిన వాగు ఇసుకో మేలు. ఆపరేషన్ అయిన పిల్లికి కుట్లు మానేవరకు చింపిన కాగితం ముక్కలు వేయాలి.

టోఫు లిట్టర్ సోయా పాలు తీశాక మిగిలే పిప్పితో చేస్తారు. తేలిగ్గా ఉంటుంది, దుమ్ము తక్కువ, కాళ్లకు అంటుకుని ఇల్లంతా రాలడం తక్కువ. ఉండ బాగానే కడుతుంది గానీ బెంటోనైట్ అంత గట్టిగా ఉండదు. మూడో అంతస్తుకు సంచులు మోయలేనివాళ్లకు మంచి ఎంపిక. మన దగ్గర దానికి ముసురు రోజులే శత్రువు. అది తిండి సరుకుతో చేసింది కాబట్టి వర్షాకాలంలో తేమ పట్టి బూజు వస్తుంది, చీమలు వెతుక్కుంటూ వస్తాయి. సంచి విప్పాక మూత గట్టి డబ్బాలో పోసుకోవాలి, పెద్ద సంచి కొని నెలలు దాచకూడదు. టాయిలెట్‌లో వేయొచ్చని సంచుల మీద రాసి ఉంటుంది. సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇండ్లల్లో ఆ మాట నమ్మి వేయకపోవడమే మంచిది.

సిలికా అంటే కొత్త బ్యాగుల్లో, మందు డబ్బాల్లో వచ్చే చిన్న పొట్లంలోని గింజలే. మూత్రాన్ని పీల్చుకుని నీటిని ఆవిరి చేస్తుంది, వాసనను పట్టి ఉంచుతుంది. మలం మాత్రం తీసి, రోజూ కలియబెడితే చాలు. ఎండాకాలంలో బాగా పనిచేస్తుంది. వానాకాలంలో గాలిలోని తేమనే పీల్చుకుని త్వరగా నిండిపోతుంది, నిండాక మూత్రం అడుగున మడుగు కడుతుంది. గింజలు గుచ్చుకుంటాయని కొన్ని పిల్లులు అంచు మీద నిలబడి పోస్తాయి. ధర కూడా ఎక్కువే. ఉండలు ఉండవు కాబట్టి లెక్కా తెలియదు.

చెక్క గుళికలు తడి తగిలితే పొట్టుగా విడిపోతాయి. వీటికి మామూలు డబ్బా పనికిరాదు, అడుగున జల్లెడ ఉన్న రెండు అంతస్తుల డబ్బా కావాలి. కదిపితే పొట్టు కిందికి రాలి, పొడి గుళికలు పైన మిగులుతాయి.

ఇప్పుడు మన ఊరి సరుకులు. వాగు ఇసుక పిల్లికి చాలా ఇష్టం, అందులో అనుమానం లేదు. కానీ అది తడిని పట్టుకోదు. మూత్రం అడుక్కి దిగి, అక్కడే కుళ్లి, మూడో రోజుకు కళ్లు మండే వాసన వస్తుంది. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి, వేడి పెరిగేకొద్దీ ఆ పని ఊపందుకుంటుంది. రోహిణి కార్తెలో నల్లగొండ ఇంట్లో రేకుల కింద పెట్టిన ఇసుక డబ్బాకు మూడు రోజుల గడువు కూడా ఉండదు. ఇసుకే వాడాలనుకుంటే పలచగా పోసి, రెండు రోజులకోసారి మొత్తం మార్చాలి.

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల దగ్గర వరి ఊక కుప్పలుగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్నే తెచ్చి పోస్తారు. ఊక పైపొర నున్నగా, గట్టిగా ఉంటుంది, తడిని పీల్చదు. తేలిక కాబట్టి ఒక్క గీకుడుకు అర్రంతా పరుచుకుంటుంది, కొనలు గుచ్చుకుంటాయి. ఊక బూడిద అయితే ఇంకా అధ్వానం, సన్న దుమ్ము పిల్లికీ మనకూ ఊపిరికి చేటు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు దొరికే పల్లీ పొట్టు తడిని కొంత పీలుస్తుంది గానీ, కాస్త తేమ తగిలితే బూజు పడుతుంది. పల్లీకి పట్టే బూజు విషాన్ని పుట్టించగలదని రైతులకు చెప్పనక్కర్లేదు. వీటన్నిట్లో కట్టెకోత మిల్లు రంపపు పొట్టు నయం. అదీ దొడ్డుగా ఉన్నది, ఎండబెట్టి జల్లించి సన్న పొడి తీసేసింది. ప్లైవుడ్ కోసిన పొట్టు వద్దు, అందులో జిగురు ఉంటుంది. చేతిలో డబ్బు లేని నెలలో రంపపు పొట్టుతో నడిపించొచ్చు, రోజూ తడిసిన చోటు తీసేస్తూ వారానికి రెండుసార్లు మొత్తం మార్చాలి.

డబ్బా సంగతికొస్తే, పెంపుడు జంతువుల దుకాణాల్లో లిట్టర్ ట్రే అని అమ్మే వాటిలో చాలా మటుకు కూనలకే సరిపోతాయి. ముక్కు నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు డబ్బా ఉండాలి. మన నాటు పిల్లి సుమారు 45 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే 65 నుంచి 70 సెంటీమీటర్ల డబ్బా కావాలి. ట్రేలో పిల్లి నిలబడితే వెనక భాగం అంచు దాటి, మూత్రం గోడ మీద పడుతుంది. అది మొండితనం కాదు, జాగా చాలక. ప్లాస్టిక్ సామాన్ల దుకాణంలో బట్టలు దాచుకునే పొడవాటి మూత డబ్బా కొనండి, మూత తీసేయండి. 35 సెంటీమీటర్ల ఎత్తున్న డబ్బాకు ఒక వైపు 12 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పైకి హాక్సా బ్లేడుతో వాకిలి కోసి, అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. నిలబడి పోసే మగ పిల్లికి ఇంతకన్నా మంచి డబ్బా దుకాణంలో దొరకదు. మూత, తలుపు ఉన్న ముస్తాబు డబ్బాల్లో వాసన లోపలే నిలిచిపోతుంది. మనకు తెలియదు, పిల్లికి తెలుస్తుంది.

ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ డబ్బాలు, అవీ వేరువేరు చోట్ల పెట్టాలి. తిండి గిన్నె పక్కన, వాషింగ్ మెషిన్ పక్కన పెట్టొద్దు. డబ్బా వాకిలి ముందు రెండడుగుల కొబ్బరి పీచు పట్ట వేస్తే కాళ్లకు అంటిన ఇసుక చాలావరకు అక్కడే రాలుతుంది. గోనె సంచి వేస్తే దాని మెత్తదనానికి దాని మీదే పోసే పిల్లులున్నాయి. నెలకోసారి డబ్బా ఖాళీ చేసి కడగాలి. అంచులకు పట్టే తెల్లటి గార మూత్రం ఉప్పులు, బోరు నీటి ఉప్పులు కలిసింది. ప్లాస్టిక్ మీద వెనిగరో నిమ్మరసమో పోసి అరగంట ఉంచితే వదులుతుంది. తర్వాత సబ్బుతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే లిట్టర్ పోయాలి. కొద్దిగా తడి ఉన్నా అడుగు పొర అప్పుడే అతుక్కుంటుంది. గీతలు పడ్డ డబ్బాలో వాసన ఇంకుతుంది, ఏడాదికోసారి మార్చడం మంచిది.

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి బండల మీదో పరుపు మీదో పోస్తుంది. దానికి అమ్మే ఎంజైమ్ క్లీనర్లు (మూత్రం మరకను విరగ్గొట్టే పదార్థాలున్న ద్రవాలు) నిజంగా పనిచేస్తాయి, పద్ధతి తప్పితే మాత్రం డబ్బు దండగ. పిల్లి మూత్రంలో యూరిక్ ఆమ్లం సన్న స్ఫటికాలుగా మిగిలిపోతుంది. నీళ్లతో, సర్ఫుతో అది పోదు. ఎండాకాలంలో వాసన పోయిందనుకుంటాం, మొదటి వాన తేమకు మళ్లీ లేస్తుంది. ముందుగా పాత తువ్వాలతో అద్ది తడి తీయాలి, రుద్దకూడదు. మూత్రం ఎంత లోతుకు ఇంకిందో క్లీనరూ అంత లోతుకు చేరేలా ధారాళంగా పోయాలి. పైన పాలిథిన్ కవర్ కప్పి కొన్ని గంటలు తడిగా ఉంచాలి. ఎంజైమ్ తడిలోనే పనిచేస్తుంది, మన మే నెల గాలికి పది నిమిషాల్లో ఆరిపోతే పని సగంలో ఆగుతుంది. ముందే ఫినాయిలో డెటాలో పోసిన చోట ఎంజైమ్ చచ్చిపోతుంది. అలాంటి చోటును ముందు మంచినీళ్లతో బాగా కడగాలి. దూది పరుపు అయితే కుట్లు విప్పి, తడిసిన దూదిని వేరుగా ఎండబెట్టక తప్పదు.

క్లీనర్ అందుబాటులో లేకపోతే మందుల షాపులో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది. 250 మిల్లీలీటర్లకు ఒక చెంచా వంటసోడా, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి వెంటనే వాడాలి. సీసాలో బిగించి దాచితే వాయువు పుట్టి పగిలిపోతుంది. రంగు చద్దర్లు తెల్లబడొచ్చు, మూలన ఒక చుక్క వేసి చూసుకోండి.

షాబాద్, తాండూరు బండలున్న ఇండ్లవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అవి సున్నపురాయి. వెనిగర్, నిమ్మరసం, బాత్రూం యాసిడ్ తగిలితే బండ పైపొర కరిగి నునుపు పోతుంది, ఆ గరుకులో తర్వాత పోసిన మూత్రం ఇంకా లోతుకు దిగుతుంది. బండల మీద ఎంజైమ్ క్లీనరే వాడాలి. బండల మధ్య సందుల్లో సిమెంటు లేచిపోయి ఉంటే వాసన అక్కడే దాక్కుంటుంది. సందును గీకి, క్లీనర్ పోసి ఆరనిచ్చి, మళ్లీ సిమెంటు పట్టించాలి. చోటు దొరక్కపోతే రాత్రి దీపాలార్పి అతినీలలోహిత టార్చి వేస్తే ఎండిన మరక పసుపుపచ్చగా మెరుస్తుంది.

బ్లీచింగ్ పౌడర్ చల్లొద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరి ఆడనివ్వని విషవాయువు వస్తుంది. ఫినాయిల్ తడి ఆరకముందే నడిచిన పిల్లి పాదాలు నాకి ఆ విషం మింగుతుంది, ఫినాల్‌ను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి సరిగ్గా లేదు. మూలల్లో డాంబర్ గోలీలు వేస్తే పిల్లి అటు రాదని చెప్పేవాళ్లున్నారు. అవీ పిల్లికి విషమే.

మగ పిల్లి తోక నిలబెట్టి గోడ మీద చిమ్ముతోందంటే అది హద్దు గీసుకోవడం, ఏ లిట్టరూ దాన్ని ఆపదు. విత్తులు తీయని మగ పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే పదార్థం ఎక్కువ, అది విరిగి గంధకపు ఘాటు వస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో విత్తులు తీసే ఆపరేషన్ చేయిస్తే చిమ్మడం చాలా మటుకు మొదలే కాదు.

తీసిన ఉండలను కాగితంలో చుట్టి, కవర్లో కట్టి చెత్తబండికి ఇవ్వండి. బెంటోనైట్‌ను టాయిలెట్‌లో, కాలువలో పోస్తే ఉబ్బి పైపు మూసుకుపోతుంది. డబ్బా కడిగిన నీళ్లను కూడా బకెట్లో తేరనిచ్చి, పై నీళ్లు పారబోసి, అడుగు మట్టిని ఎండబెట్టి చెత్తలో వేయాలి. ఆకుకూరల మడిలోకి, కొత్తిమీర కుండీలోకి మాత్రం పోనివ్వకండి.